పొగబండికి ప్రాణం పోసిన పాదిరి

1953వ సంవత్సరం జూన్ 14వ తేదీ, ఆదివారం. లండను నగరంలోని లైమ్ గ్రోవ్ స్టూడియోలో బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ వారు ఒక పిల్లల కథను టెలివిజనులో ప్రసారం చేయడానికి సన్నాహాలన్నీ పూర్తి చేశారు. కథానాయకుని పేరు హెన్రీ. అతడు మనిషి కాదు, రైలు ఇంజను. వానలో తడిస్తే ఒంటిమీది ఆకుపచ్చ రంగు పాడైపోతుందన్న భయంతో సొరంగంలో నుంచి కదలనని మొరాయించి, చివరకు ఆ సొరంగంలోనే గోడ కట్టి మూసివేయబడతాడు. ఈ కథను చూపడానికి స్టూడియోవారు బల్లలమీద పట్టాలు పరచి, కొండనూ సొరంగాన్నీ అమర్చి, హార్న్‌బీ డబ్లో అనే పేరుతో బజారులో అమ్మే బొమ్మ ఇంజన్లను నడిపించారు. ఆ పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఆనాటి ప్రసారం ముందుగా చిత్రించి దాచుకొన్నది కాదు. స్టూడియోలో ఏ క్షణాన ఏది జరిగితే అదే ఇంటింటా కనిపించేది. పట్టాలు రెండుగా చీలేచోట పాయింట్లు సరిగా మారలేదు. హెన్రీ పట్టా తప్పాడు. అంతలో తెరమీదికి ఒక మనిషి చేయి వచ్చినది. అంతవరకు కొండంత కనిపించిన ఇంజనును అవలీలగా ఎత్తి, పట్టాలమీద పెట్టి, ఎట్లా వచ్చినదో అట్లాగే మాయమైనది.

ఆ కథను వ్రాసినాయన తూర్పు ఇంగ్లండులో ఒక పల్లెటూరి చర్చికి పాదిరి. పేరు విల్బర్ట్ వీర్ ఆడ్రీ. జరిగినదానికి ఆయన చాలా అసంతృప్తి చెందారు. ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. చిన్నపిల్లల బొమ్మలాటలో ఒక చేయి కనిపించినంత మాత్రాన ఇంత బాధ ఎందుకని ఎవరికైనా తోచవచ్చును. ఇంజను పట్టా తప్పడం ఆయనకు కొత్త కాదు. ఆయన పుస్తకాలలో ఎన్ని ఇంజన్లు పట్టా తప్పినవో లెక్కలేదు. కాని తప్పిన ప్రతి ఇంజనునూ తిరిగి ఎక్కించడానికి క్రేను వస్తుంది, మనుషులు వస్తారు, దారి మూతపడుతుంది, పైఅధికారి వచ్చి సంజాయిషీ అడుగుతాడు. ఆకాశంనుంచి చేయి దిగివచ్చే రైల్వే ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆయన కల్పించిన రైల్వేలోనూ లేదు.

ఆడ్రీ 1911 జూన్ 15న దక్షిణ ఇంగ్లండులోని హాంప్‌షైర్ మండలంలో ఆంప్‌ఫీల్డ్ అనే గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్ ఆడ్రీ ఆ గ్రామపు చర్చి గురువు. విలియం, హెర్బర్ట్ అనే తన సోదరులిద్దరి పేర్లనూ కలిపి ఆయన కొడుకుకు విల్బర్ట్ అని పేరు పెట్టుకొన్నాడు. తండ్రికి భక్తి ఎంతో రైలుబండ్ల మీద అభిమానమూ అంత. ఇంటి ఆవరణలో నలభై గజాల పొడవున బొమ్మ రైలు మార్గం వేసుకొని, ఇంజన్లను నడుపుకొనేవాడు. రైలు దారిన పోయే కార్మికులను పలకరించి, వారి పనిపాటలు అడిగి తెలుసుకోవడం ఆయన అలవాటు. తండ్రి చేయి పట్టుకొని పట్టాల వెంట నడచిన ఆ పిల్లవానికి రైల్వే అనగా ఇంజను ఒకటే కాదనీ, దాని వెనుక నిప్పు వేసేవాడు, సిగ్నలు దించేవాడు, బోల్టు బిగించేవాడు ఉన్నారనీ అక్షరాలు రాకముందే తెలిసివచ్చినది.

1917లో కుటుంబం విల్ట్‌షైర్‌లోని బాక్స్ అనే ఊరికి మారినది. ఆ మార్పు ఆ బాలుని జీవితాన్ని నిర్ణయించినదని చెప్పవచ్చును. లండను నుంచి బ్రిస్టల్ పోయే గ్రేట్ వెస్టర్న్ రైల్వే ప్రధాన మార్గం ఆ ఊరిమీదుగా పోతుంది. ప్రఖ్యాత ఇంజనీరు బ్రూనెల్ త్రవ్వించిన సొరంగం, దాదాపు రెండు మైళ్ల పొడవుగలది, 1841లో తెరిచినది, ఆడ్రీ ఇంటికి కూతవేటు దూరంలోనే ఉన్నది. పడమటినుంచి సొరంగం వైపు వచ్చే బండి నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. బరువైన గూడ్సుబండిని ఒక ఇంజను లాగలేదు. అందుచేత వెనుకనుంచి నెట్టడానికి మరొక ఇంజను సిద్ధంగా ఉండేది. కనుమ దారులలో మన దేశంలోనూ ఈ పద్ధతి ఉన్నది. ముందరి ఇంజను, వెనుక ఇంజను కలిసి పనిచేయాలంటే డ్రైవర్లకు ఒకరి సంగతి ఒకరికి తెలియాలి. టెలిఫోను లేదు, చూపు ఆనదు. ఉన్నది కూత ఒక్కటే. ముందరివాడు ఒక రకంగా కూస్తాడు, వెనుకవాడు మరొక రకంగా బదులు కూస్తాడు, అప్పుడు బండి కదులుతుంది.

రాత్రివేళ పక్కలో పడుకొన్న బాలునికి ఈ కూతలు వినిపించేవి. ఆవిరి ఇంజను సాధారణంగా చక్రం ఒక్కసారి తిరిగేసరికి నాలుగుసార్లు బుస్సుమంటుంది. చదునైన నేలమీద వేగంగా పోయేటప్పుడు ఆ బుసలన్నీ కలిసిపోతవి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కొక్కటి విడిగా, బరువుగా, ఆయాసంతో వినిపిస్తుంది. ముందరి ఇంజను ఇక తనవల్ల కాదని మొత్తుకొంటున్నట్టు, వెనుకది తానున్నానని ధైర్యం చెబుతున్నట్టు ఆ పిల్లవాని చెవికి తోచింది. మన ఊళ్లలో పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకొని రైలాట ఆడేటప్పుడు ముందున్నవాడు ఇంజను అవుతాడు. అంటే మనిషి ఇంజనుగా మారుతాడు. ఆడ్రీ విషయంలో జరిగినది దీనికి విపర్యయం. ఇంజనే మనిషిగా మారినది.

అయితే ఆ ఇంజన్లు లోకం ముందుకు రావడానికి మరొక పాతికేళ్లు పట్టినది. ఆడ్రీ డాంట్సీ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్‌లోని సెంట్ పీటర్స్ హాలులోను చదివి 1932లో పట్టం పుచ్చుకొన్నారు. 1933 నుంచి మూడేళ్లు జెరూసలేములో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1936లో తండ్రి మార్గాన్నే మతగురువై, 1938లో మార్గరెట్ వేల్ అనే ఆమెను వివాహమాడారు. మరుసటి సంవత్సరం యుద్ధం వచ్చినది. ఆడ్రీ శాంతివాది. యుద్ధంలో మనిషిని చంపడం క్రీస్తు బోధకు విరుద్ధమని నమ్మినవాడు. దేశమంతా ఆయుధాలు పట్టిన సమయంలో పల్లె చర్చిలోని చిన్న గురువు ఇట్టి మాట అనడం తేలిక సంగతి కాదు. ఆయన కొలువు పోయినది. ఇంట్లో భార్య, త్వరలో పుట్టబోయే బిడ్డ. అభిప్రాయం మార్చుకొంటే చిక్కు తీరేది, ఆయన మార్చుకోలేదు. చివరకు, తాను కూడ శాంతివాదియే అయిన బర్మింగ్‌హాం బిషప్ బార్న్స్ ఆయనను పిలిచి కింగ్స్ నార్టన్ చర్చిలో చోటు ఇచ్చాడు. 1940లో అక్కడికి చేరారు. ఆ సంవత్సరమే కొడుకు క్రిస్టఫర్ పుట్టాడు. తాను సత్యమనుకొన్నదానిని సౌకర్యంకోసం వదులుకోని ఆ మొండితనం తరువాత ఆయన కథలలోనూ కనిపిస్తుంది. యుద్ధంవంటి మహావిషయంలో గౌరవించదగినదిగా తోచిన గుణం బొమ్మ రైలు విషయంలో చాదస్తంగా తోచడం లోకసహజం. మనిషి మాత్రం ఒక్కడే.

క్రిస్టఫర్‌కు రెండుమూడేళ్ల వయసులో తట్టు పోసినది. పిల్లవానిని మంచంమీద నిలిపి ఉంచడం తండ్రి వంతు. ఆడ్రీ ఒక కాగితంమీద వరుసగా ఇంజన్ల బొమ్మలు గీసి, వాటికి ముఖాలు పెట్టారు. ఒక ముఖం దిగులుగా ఉన్నది. ఎందుకు దిగులని పిల్లవాడు అడిగాడు. ముసలిదయిపోయినదని, చాలాకాలంగా దానిని ఎవరూ షెడ్డులోనుంచి బయటికి తీయలేదని తండ్రి చెప్పారు. దాని పేరేమని పిల్లవాడు అడిగాడు. నోటికి వచ్చిన పేరు ఎడ్వర్డ్. అక్కడినుంచి కథ నడచినది. మరునాడు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పారు. నిన్న చెప్పినదానికీ నేడు చెప్పినదానికీ తేడా వస్తే పిల్లవాడు ఊరుకోలేదు, నిలదీశాడు. ఈ బాధ పడలేక ఆడ్రీ చర్చి కరపత్రాల వెనుకవైపున కథలను వ్రాసి పెట్టుకోవడం మొదలుపెట్టారు. కథలో ఒకసారి జరిగినది ఇక మారరాదన్న నియమం ఆయనకు ఆ రోగి మంచం దగ్గర నేర్పబడినది. నేర్పిన గురువు మూడేళ్లవాడు.

చెప్పిన కథ చాలలేదు. చేతితో పట్టుకొనే ఇంజను కావలసివచ్చినది. యుద్ధకాలం గనుక బొమ్మలు కొనడానికి దొరకవు. ఆడ్రీ ఒక చీపురు కర్రనూ, కొన్ని కొయ్య ముక్కలనూ పోగుచేసి ఎడ్వర్డును తయారుచేశారు. గుండ్రని చీపురు కర్ర ఇంజను బాయిలరుగా చక్కగా అమరినది. పెట్టెలు, గూడ్సు బండ్లు కూడ వచ్చినవి. తరువాత పిల్లవాడు గార్డన్ కావాలన్నాడు. గార్డన్ ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగే పెద్ద ఇంజను; దానిని చెక్కడం తనవల్ల కాదని తండ్రి గ్రహించి, దానికి బదులు ఆరు చక్రాల చిన్న ట్యాంకు ఇంజనును చేసి యిచ్చారు. వెనుక బొగ్గుబండి లేకుండా, నీళ్ల తొట్లు తన ప్రక్కలనే మోసుకొనిపోయే ఇంజనును ట్యాంకు ఇంజను అంటారు. స్టేషనులో పెట్టెలను అటూ ఇటూ జరపడం వంటి చిన్న పనులకు అది వినియోగపడుతుంది. దానికి థామస్ అని పేరు పెట్టారు. ముందు బొమ్మ పుట్టి, ఆ తరువాత దానికి కథ పుట్టినదన్న సంగతి గమనింపదగినది. పిల్లవాడు బొమ్మను పట్టుకొని దీని కథ ఏదని అడిగితేనే థామస్ కథలు వచ్చినవి.

భార్య ప్రోద్బలంతో ఆయన కథలను ప్రచురణకర్తలకు పంపారు. లెస్టర్ నగరంలోని ఎడ్మండ్ వార్డ్ 1945 మే నెలలో మొదటి పుస్తకం, మూడు రైలు ఇంజన్ల కథ, ప్రచురించాడు. మరుసటి సంవత్సరం థామస్ పుస్తకం వెలువడినది. 1972 వరకు మొత్తం 26 పుస్తకాలు వచ్చినవి. ఒక్కొక్కదానిలో నాలుగేసి చిన్న కథలు. పిల్లవాని అరచేతిలో ఒదిగే పరిమాణం.

బొమ్మలు వేసే చిత్రకారులతో ఆయన పడిన పేచీ ఒక కథ. మొదటి పుస్తకానికి వేసిన బొమ్మలు ఆయనకు నచ్చలేదు. 1949లో రెజినాల్డ్ డాల్బీ అనే చిత్రకారుడు వాటిని తిరిగి వేశాడు. డాల్బీ రంగులు పిల్లలను ఆకర్షించినవి, పుస్తకాలు అమ్ముడుపోయినవి. కాని అతనికి ఇంజను నిర్మాణంమీద శ్రద్ధ తక్కువ. హెన్రీ ఒక పేజీలో ఒక రీతిగా, మరొక పేజీలో గార్డనుకు కవలసోదరుని రీతిగా ఉండేవాడు. పెద్దలు ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు పట్టించుకొన్నారు, పట్టించుకొని రచయితకు ఉత్తరాలు వ్రాశారు. మరొకరైతే చిత్రకారుని తప్పని చెప్పి ఊరుకొందురు. ఆడ్రీ 1951లో హెన్రీకి ఒక ప్రమాదం కల్పించారు. మంచు పడి సిగ్నలు చేయి బిగుసుకొనిపోయి, దారి లేకున్నా ఉన్నట్టు చూపుతుంది. హెన్రీ ఎదుటి గూడ్సును గుద్దుకొంటాడు. క్రూ పట్టణంలోని కర్మాగారానికి పంపి అతనికి కొత్త రూపు తెప్పిస్తారు. ఇక బొమ్మలలోని తేడాకు కథలోనే కారణం దొరికినది. ఆ ప్రమాదం కూడ గాలిలోనుంచి పుట్టినది కాదు. 1876 జనవరిలో ఆబట్స్ రిప్టన్ వద్ద మంచువల్ల సిగ్నళ్లు అట్లాగే బిగిసి ఘోర ప్రమాదం జరిగినది. పెర్సీ అనే చిన్న ఇంజనును చారల గొంగళిపురుగువలె వేశాడని విమర్శించిన తరువాత, 1956లో, డాల్బీ ఆ పని మానుకొన్నాడు.

ఈ ఇంజన్లు తిరిగే ఊరు ఎక్కడున్నదన్న ప్రశ్నకు కూడ సమాధానం కావలసివచ్చినది. 1950లో ఆడ్రీ ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపానికి వెళ్లారు. అక్కడి క్రైస్తవ మండలాన్ని సోడర్ అండ్ మాన్ అని వ్యవహరిస్తారు. మాన్ ద్వీపమున్నది, సోడర్ అనే ద్వీపం మాత్రం లేదు. పేరుండి నేల లేని చోటు దొరికినదే చాలునని ఆయన ఆ ద్వీపాన్ని ఇంగ్లండుకూ మాన్‌కూ నడుమ సముద్రంలో నిలిపారు. తమ్ముడు జార్జి సాయంతో దానికి పటాలు, చరిత్ర, రాజవంశాలు, పంటలు, గనులు, ఒక భాష కూడ కల్పించారు. 1948లో బ్రిటనులో రైల్వేలు జాతీయమైనప్పుడు ఆ కథలలోని లావుపాటి డైరెక్టరు లావుపాటి కంట్రోలరు అయినాడు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేలలో ఆవిరి ఇంజన్ల కొలువు ముగిసినది. ఆ సంవత్సరపు పుస్తకంలో ఆలివర్ అనే ఇంజను తుక్కు ఇనుముగా విరగ్గొట్టబడకుండా తప్పించుకొని పారిపోయివస్తుంది. సోడర్ ద్వీపంలో ఏది జరిగినా, బయట ఎక్కడో ఒకచోట జరిగినదానికి అది నీడ.

ఆడ్రీ పుస్తకాలకే పరిమితమైన రైలు అభిమాని కాదు. వేల్స్ ప్రాంతంలో మూతపడబోతున్న టాలిలిన్ అనే చిన్న గేజి రైల్వేను 1951లో ఔత్సాహికులు తమ చేతిలోకి తీసుకొని నడపసాగారు. స్వచ్ఛందసేవకులు నడిపిన రైల్వేలలో ప్రపంచంలో అదే మొదటిది. ఆడ్రీ అక్కడ గార్డుగా పనిచేశారు. ఒకనాడు ఫలహారాలమ్మే ఆమె ఎక్కకముందే పచ్చజెండా ఊపి బండిని కదిలించారు. ఆమెను వదిలి బండి పోయినది. ఆ పొరపాటును కూడ వృథాపోనీయక కథ చేశారు. ఇంటివద్ద ఆయన స్వయంగా బొమ్మ రైలు మార్గం నిర్మించుకొన్నారు. థామస్ నడిచే ఫార్‌క్వార్ శాఖామార్గమది. దానికి టైముటేబులు ఉన్నది. దానిని పెట్టెలలో సర్దుకొని ప్రదర్శనలకు తీసుకొనిపోయి, పిల్లల ముందు నడిపి చూపేవారు.

1953నాటి వైఫల్యం తరువాత టెలివిజనువారు లేకపోలేదు. 1970 దశకంలో ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ అనే సంగీతకర్త ప్రయత్నించాడు, ఫలించలేదు. 1979లో బ్రిట్ ఆల్‌క్రాఫ్ట్ అనే నిర్మాత్రి ఆవిరి రైళ్లను గురించి ఒక చిత్రం తీస్తూ, గ్లాస్టర్‌షైర్‌లో విశ్రాంతజీవితం గడుపుతున్న ఆడ్రీ వద్దకు వచ్చినది. కథలు చదివి, వాటిని తెరకెక్కించవలెనని పట్టుపట్టి, ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు సమకూర్చుకొన్నది. ముఖాలు మాత్రమే కదిలే గీతల బొమ్మలు చాలునని వారూ వీరూ అన్నా, చివరకు నిర్ణయమైనది నిజమైన బొమ్మ ఇంజన్లను పట్టాలమీద నడిపి ఫిలిము తీయడానికే. క్లియర్‌వాటర్ అనే సంస్థ పనికి పూనుకొన్నది. దర్శకుడు డేవిడ్ మిట్టన్. అతడు పూర్వం గెర్రీ ఆండర్సన్ నిర్మించిన థండర్‌బర్డ్స్‌లో బొమ్మల అగ్నిప్రమాదాలు, ప్రేలుళ్లు చిత్రించే విభాగంలో ఆరితేరినవాడు.

వారు చేసిన పని వివరంగా తెలుసుకోదగినది. మొదట పరిమాణం. 1953లో వాడిన బొమ్మలు అసలు ఇంజనులో 76వ వంతు. మిట్టన్ బృందం 32వ వంతు ఎంచుకొన్నది. నిజమైన పట్టాల మధ్య ఎడం 1435 మిల్లీమీటర్లు. 32తో భాగిస్తే ఇంచుమించు 45 మిల్లీమీటర్లు. పది మీటర్ల ఇంజను 31 సెంటీమీటర్లవుతుంది. ఈ మాత్రం పెద్దదైతేనే లోపల యంత్రాలు అమర్చడానికి చోటు దొరుకుతుంది, కెమేరా దగ్గరికి పోయినా బొమ్మ బొమ్మగా బయటపడదు. చక్రాలు, మోటారు ఉన్న క్రింది భాగాన్ని జర్మనీలోని మార్‌క్లిన్ కంపెనీ బొమ్మ ఇంజన్లనుంచి తీసుకొన్నారు. పైనున్న బాయిలరు, నీళ్ల తొట్లు, డ్రైవరు గది శిల్పులు స్వయంగా తయారుచేశారు. పొగగొట్టం క్రింద పొగపుట్టించే చిన్న పరికరం. కొత్త బొమ్మకు ఉండే నిగనిగ నిజమైన ఇంజనుకు ఉండదు గనుక, మసి, తుప్పు, నూనె మరకలు రంగుతో అద్దడం కూడ ఈ వృత్తిలో ఒక విద్య.

ముఖం సంగతి ఇంకా చిత్రమైనది. శిల్పి ముందుగా మట్టితో ముఖాన్ని మలుస్తాడు. దానిమీద మూసపోసి, ఆ మూసలో రెజిను అనే జిగురుపదార్థాన్ని పోసి గట్టిపడనిస్తే, పలుచని ముఖం తయారవుతుంది. ఒక్కొక్క ఇంజనుకు నవ్వు, కోపం, భయం, ఆశ్చర్యం, అలసట, గర్వం ఇట్లా వేర్వేరు ముఖాలు. సన్నివేశం మారినప్పుడు కెమేరా ఆపి, పాత ముఖం ఊడదీసి కొత్తది అతికించేవారు. కళ్లు మాత్రం ముఖానికి చెందినవి కావు. ముఖంలో కళ్లచోట బోలు ఉంటుంది. వెనుక ఇంజను లోపల కనుగుడ్లు, వాటిని త్రిప్పే చిన్న మోటారు అమర్చి ఉంటవి. దూరంనుంచి రేడియో సంకేతంతో ఒకరు వాటిని కుడికీ ఎడమకూ త్రిప్పుతారు. ముఖం కదలదు, నోరు తెరవదు, కళ్లు మాత్రం చూస్తవి. మన తోలుబొమ్మలాటలో బొమ్మ ముఖం ఎన్నడైనా మారినదా? అయినా సీత ఏడ్చినట్టే చూచేవారికి తోస్తుంది. ఇక్కడా అంతే. ఇంజన్లకు నోరు లేదు గనుక కథ చెప్పేది ఒక్క గొంతుక. మొదటి రెండు వరుసలలోను బీటిల్స్ బృందంలో వాద్యకారుడైన రింగో స్టార్ కథ చెప్పాడు. మన హరిదాసు రాముడూ రావణుడూ తానే అయినట్టు, ఇంజన్లన్నీ అతడే.

బొమ్మ ప్రమాదాన్ని నిజమైన ప్రమాదంగా నమ్మించడంలో కొంత భౌతికశాస్త్రం ఉన్నది. ముప్ఫైరెండు అడుగుల ఎత్తునుంచి పడే వస్తువు నేల చేరడానికి సుమారు 1.4 సెకన్లు పడుతుంది. బొమ్మల లోకంలో ఆ ఎత్తు ఒక్క అడుగు. పడడానికి పావు సెకను చాలును. అందుచేత బొమ్మ ఇంజను వంతెనమీదనుంచి పడితే అట్టపెట్టె పడినట్టు చటుక్కున పడుతుంది, బరువు కనిపించదు. దీనికి ఉపాయం ఫిలిమును హెచ్చు వేగంతో నడిపి చిత్రించి, మామూలు వేగంతో చూపడం. 32వ వంతు బొమ్మకు లెక్కప్రకారం ఆ హెచ్చు 32 వర్గమూలం, అనగా అయిదున్నర రెట్లకు పైన. బొమ్మల చిత్రాలు తీసేవారికి ఈ లెక్క కరతలామలకం. పాఠశాలలో వర్గమూలం ఎందుకు పనికివస్తుందని అడిగే విద్యార్థికి చూపదగిన ఉదాహరణ ఇది.

1984 అక్టోబరులో ప్రసారం మొదలైనది. తొలి వరుసలో 26 కథలు. మూడు దశాబ్దాల క్రితం పట్టా తప్పిన హెన్రీ ఈసారి తన సొరంగంలోకి నిర్విఘ్నంగా ప్రవేశించాడు. ఏ చేయీ కనిపించలేదు. స్టేషనులోని మనుషులు మాత్రం నడవరు; కంట్రోలరు ఎక్కడ నిలబెడితే అక్కడే ఉంటాడు. పిల్లలకు అది లోపంగా తోచలేదు. ఆ లోకంలో కదలవలసినవి ఇంజన్లే. 1989 నుంచి అమెరికాలోనూ చూపారు. ఒక పల్లె పాదిరి చీపురు కర్రతో చేసిన బొమ్మ ప్రపంచపు బజార్లన్నింటిలోనూ అమ్ముడుపోసాగినది.

ఇక్కడే పాత మొండితనం మళ్ళీ తల ఎత్తినది. పుస్తకాలలోని కథలు తరుగుతూ వచ్చినకొద్దీ స్టూడియోవారు కొత్త కథలు కల్పించసాగారు. 1992 ప్రాంతంలో వచ్చిన ఒక కథలో హెన్రీ తనకిష్టమైన అడవి అందం చూడడానికి దారిలో ఆగుతాడు. ఎనభై ఏళ్లు దాటిన ఆడ్రీ దీనికి అభ్యంతరం చెప్పారు. ప్రధాన మార్గంమీద బండి ఊరక ఆగిపోతే వెనుకనుంచి మరొక బండి వచ్చి గుద్దుకొనే ప్రమాదమున్నది. సిగ్నలు వద్ద ఆగినప్పుడు సైతం బండి సిబ్బందిలో ఒకడు సిగ్నలు గదికి నడిచిపోయి తాము ఆగిఉన్నామని గుర్తుచేయాలని బ్రిటిష్ రైల్వేల పాత 55వ నియమం చెప్పేది. ఇంజను అడవిని ప్రేమించవచ్చును, ఏడవవచ్చును, గర్వపడవచ్చును. ఆ 55వ నియమాన్ని మాత్రం ఉల్లంఘించరాదు. ఇంజనుకు ముఖం పెట్టినవాడే ఈ మాట అనడం కొందరికి నవ్వు పుట్టించినది. కాని ఆయన లెక్క వేరు. అబద్ధమాడడానికి పిల్లవాడు ఒక్కచోట మాత్రమే అనుమతి యిచ్చాడు: ఇంజను మాట్లాడుతుందని. తక్కినదంతా నిజంగా ఉంటేనే ఆ ఒక్క అబద్ధం నిలుస్తుంది. స్టూడియోవారి ఇబ్బంది కూడ న్యాయమైనదే. వారానికి వారం కొత్త కథ కావాలి. చూచే పిల్లలలో నిజమైన ఆవిరి ఇంజనును ఎరిగినవారు ఒక్కరూ లేరు. వారికి రైల్వే నియమాలు ఎవరు చెప్పాలి? ఆ వివాదం తెగలేదు.

మార్గరెట్ 1989లో కన్నుమూసినది. కొడుకు క్రిస్టఫర్ 1983 నుంచి తండ్రి వరుసలోనే కొత్త పుస్తకాలు వ్రాస్తూ వచ్చాడు. తట్టు మంచంమీద తప్పులు పట్టిన పిల్లవాడే గనుక ఆ ఇంజన్ల గుణగణాలు అతనికి తెలియనివి కావు. 1996లో ప్రభుత్వం ఆడ్రీకి ఓ. బి. ఇ. బిరుదు ప్రకటించినది. అప్పటికి లండను ప్రయాణం చేయగల ఓపిక ఆయనకు లేదు. 1997 మార్చి 21న, 85 ఏళ్ల వయసులో, స్ట్రౌడ్ సమీపాన రాడ్‌బరోలోని తన ఇంట మరణించారు.

బొమ్మ ఇంజన్ల చిత్రీకరణ ఆ తరువాత పదకొండేళ్లు సాగినది. 2008లో బొమ్మలు పట్టాలమీదనే నడిచినా వాటి ముఖాలను కంప్యూటరుతో కదిలించారు. 2009 నుంచి పట్టాలూ లేవు, రెజిను ముఖాలూ లేవు. అంతా కంప్యూటరు చిత్రమే. వేల్స్‌లో టాలిలిన్ రైల్వే బయలుదేరే టైవిన్ స్టేషను వద్ద చిన్న గేజి రైళ్ల ప్రదర్శనశాల ఒకటి ఉన్నది. ఆడ్రీ చదువుకొన్న గదిని అక్కడ ఉన్నదున్నట్టు తిరిగి నిలిపారు. ఆయన బల్ల, ఆయన పుస్తకాలు, ఆయన బొమ్మ ఇంజన్లు అందులో ఉన్నవి. బయట నిజమైన ఇంజను నీళ్లు పట్టుకొని, కూతవేసి, కొండలవైపు సాగిపోతూ ఉంటుంది.